మూకుడు ముందు మనిషి

సంక్రాంతికి నెల ముందు నుంచే మన ఊళ్లలో, పట్నాల్లో ఎన్నో వంటిళ్లు కార్ఖానాలవుతాయి. మామూలు రోజుల్లో నలుగురికి అన్నం, కూర వండే పొయ్యి మీద రోజుకు పదేసి కిలోల జంతికలు, చెక్కలు, సకినాలు దిగుతుంటాయి. శ్రావణంలో సారె ఆర్డర్లు, ఎండాకాలంలో పచ్చళ్లు, సెలవులకొచ్చి తిరిగి వెళ్లే అమెరికా పిల్లల సూట్‌కేసుల్లోకి కారప్పూస, సున్నుండలు. చేతిఖర్చుకని మొదలుపెట్టిన పని చాలా ఇళ్లలో ఇప్పుడు పిల్లల ఫీజులు కడుతోంది. ఆ కష్టం మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఒక మాట గట్టిగా చెప్పాలి. పని పదింతలైంది, వంటిల్లు మాత్రం పాతదే. అదే గ్యాసు పైపు, అదే స్విచ్ బోర్డు, అదే చిన్న కిటికీ. నిప్పు ప్రమాదాలు చాలావరకు ఈ తేడాలోంచే పుడతాయి.

ఇంట్లో వండి అమ్ముకునేవాళ్లు పెట్టుకోవాల్సిన నియమం ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను: నూనె కింద మంట ఉన్నంతసేపూ మూకుడు ముందు మనిషి ఉండాలి. ఈ సంగతి తెలియని వంటామె ఎవరూ ఉండరు. కానీ గేటు దగ్గర కొరియర్ అబ్బాయి పిలుస్తాడు. స్కూలు ఆటో హారన్ కొడుతుంది. ఫోన్లో కొత్త ఆర్డరు. ఎవరో బెల్లు నొక్కుతారు. తెలిసీ కదలాల్సి వస్తుంది. అందుకని జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకుంటే లాభం లేదు. పొయ్యి దగ్గరున్న మనిషి కదలాల్సిన అవసరం రాకుండా పనిని ముందే అమర్చుకోవాలి. ఇంటి వ్యాపారంలో అగ్ని భద్రత సగం అక్కడే ఉంది.

కదిలితే ఏమవుతుందో కాస్త వివరంగా చూద్దాం. వేపుడుకు నూనె 170 నుంచి 190 డిగ్రీల వేడిలో ఉంటే సరిపోతుంది. చిటికెడు పిండి వేస్తే అడుగుకు పోయి, చుట్టూ బుడగలతో వెంటనే పైకి తేలుతుంది. మీ కంటికి అలవాటైన గుర్తే అది. సరుకు వేగుతున్నంతసేపు పిండిలోని తడి ఆవిరవుతూ నూనె వేడిని లాక్కుంటుంది కాబట్టి వేడి అదుపులో ఉంటుంది. ఒక వాయి తీసేశాక, రెండో వాయి వేసేలోపు ఆ చల్లార్పు ఉండదు. మంట అదే, మూకుడు ఖాళీ. నూనె వేడి ఆ సందులోనే గబగబా ఎక్కిపోతుంది. మనిషి చేతులు తుడుచుకుని ఫోను అందుకునేది కూడా సరిగ్గా ఆ సందులోనే.

సుమారు 230 డిగ్రీల దగ్గర శుద్ధి చేసిన వేరుశనగ నూనె పొగ మొదలుపెడుతుంది. ముందు నూనె మీద పలచని నీలి తెర ఆడుతుంది, కళ్లు కొద్దిగా మండుతాయి. తర్వాత పొగ చిక్కబడి, ఘాటెక్కి, గొంతు పట్టేస్తుంది. అక్కడా ఆపకపోతే, 350 డిగ్రీల చుట్టుపక్కల నూనె తనంత తానే భగ్గున అంటుకుంటుంది. పొయ్యి మంట తాకాల్సిన పని లేదు, నూనె చిందాల్సిన పని లేదు. కాబట్టి నీలి తెర కనిపించిందంటే అదే ఆఖరి హెచ్చరిక. పొయ్యి కట్టేసి, నూనెను దానంతట చల్లారనివ్వాలి. చల్లార్చడానికి పచ్చినూనె కలపడం, మూకుడు పట్టుకుని దించబోవడం రెండూ తప్పే.

పొదుపు కోసం నూనెను మళ్లీ మళ్లీ కాచేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కాగిన నూనె ప్రతిసారీ ఇంకాస్త తక్కువ వేడికే పొగలెత్తుతుంది, అంటే తొందరగా అంటుకునే దిశగా జరుగుతుంది. పైగా ఆరోగ్యానికి చేటని, ‘టోటల్ పోలార్ కాంపౌండ్స్’ అనే పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి ఆహార భద్రతా సంస్థ నిబంధన కూడా పెట్టింది. కొలిచే పరికరం ఇంట్లో ఉండదు. నూనె నల్లబడి, జారుడు తగ్గి, సరుకు తీసేశాక కూడా నురగ అణగకుండా నిలిచిందంటే దాన్ని పారబోయాల్సిందే. ఒక డబ్బా నూనె మిగుల్చుకోవడం కోసం వంటిల్లు పణం పెట్టకండి.

నూనె మూకుడులో సగానికి మించకూడదు. వేడికి నూనె వ్యాకోచిస్తుంది, తడి పిండి పడగానే నురగతో లేస్తుంది. అంచు దాటిన నూనె బర్నరు మీద పడితే మంట క్షణంలో మూకుడెక్కుతుంది. కడిగిన జల్లిగరిటె, తడి ఆరని కరివేపాకు, పిండి సరిగ్గా ఉక్కకుండా చుట్టిన చేగోడీలు నూనెలో పేలడం మీకు తెలిసిందే. చేతులు కాలడం ఒక ప్రమాదమైతే, ఆ పేలుడుకు చిందిన నూనె మంట మీద పడడం అంతకన్నా పెద్దది. గరిటెలు పొడిగుడ్డతో తుడిచి పెట్టుకోవడం, కరివేపాకు ముందు రోజే ఆరబెట్టుకోవడం చిన్న పనులు. వాటిని మానొద్దు.

ఇక అమరిక గురించి. వేపుడుకు వేళ నిర్ణయించుకోండి. ఉదయం పిల్లలు బడికి వెళ్లాక పది నుంచి ఒంటిగంట దాకా అనుకుందాం. ఆ మూడు గంటలు ఫోను పక్కగదిలో ఉండాలి. ‘పది నుంచి ఒంటిగంట వరకు వంటలో ఉంటాం, తర్వాత ఫోన్ చేస్తాం’ అని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. మీ చేతి రుచి కోసం వచ్చే మనుషులు మూడు గంటలు ఆగుతారు. కొరియర్‌కు సరుకిచ్చేది సాయంత్రం. పిండి, జంతికల గొట్టం, పళ్లాలు, నూనె ఓడ్చే జల్లి, కాగితాలు అన్నీ చేతికందే దూరంలో పెట్టుకున్నాకే అగ్గిపుల్ల గీయాలి. ఉప్పు సరిపోలేదని అటక ఎక్కే పరిస్థితి రాకూడదు.

ఇద్దరుంటే పని పంచుకోండి: ఒకరు గొట్టం తిప్పుతారు, ఒకరు గరిటె పట్టుకుంటారు. గరిటె పట్టుకున్న మనిషి కదలకూడదు. ఒక్కరే ఉంటే, కదిలే ప్రతిసారీ పొయ్యి కట్టెయ్యాలి. నాకు తెలిసిన ఒక వంటామె కొత్తగా పనికొచ్చిన అమ్మాయికి మొదటి రోజే ఇది నేర్పడం చూశాను. వీధి గుమ్మం దగ్గర అలికిడైంది.

“అక్కా, ఎవరో పిలుస్తున్నారు. ఒక్క నిమిషం చూసొస్తా.”

“స్టవ్ కట్టెయ్ ముందు. కట్టేశాక వెళ్లు తల్లీ, నిమిషం కాదు, పది నిమిషాలు మాట్లాడుకో.”

“నూనె చల్లారిపోద్ది కదక్కా, మళ్లీ గ్యాసు దండగ.”

“అయిదు లీటర్ల నూనె అంత తేలిగ్గా చల్లారదమ్మా. చల్లారినా పర్లేదు, నేను పెట్టుకుంటా ఆ గ్యాసు.”

ఆ చివరి మాట యజమానురాలు నోటితో అనాలి. పనికొచ్చిన మనిషి గ్యాసు మిగల్చాలని, తిట్లు పడకూడదని చూస్తుంది. నష్టం నాది అని మీరు చెబితేనే ఆమె చెయ్యి నాబ్ మీదికి వెళుతుంది.

అలసటను కూడా లెక్కలో వేసుకోండి. పగలంతా పిండి కలిపి, రాత్రి పదకొండింటికి మూకుడు పెట్టి, నూనె కాగేలోపు గోడకు చేరగిలబడితే కన్ను మూతపడుతుంది. పండగ ముందు వారం ఇలాంటి రాత్రులే ఎక్కువ. రాత్రి తొమ్మిది దాటాక నూనె వంట పెట్టుకోకుండా, ఆ వేళకు పొడులు దంచడం, ఉండలు కట్టడం, ప్యాకింగ్ లాంటివి పెట్టుకోవచ్చు. అందుకు తగ్గట్టే ఆర్డర్లు ఒప్పుకోవాలి. పెద్ద పార్టీ అయినా సరే, చేయలేని కిలోలకు కుదరదని చెప్పడం నేర్చుకోవాలి.

కట్టుకునే బట్టలో నైలాను, పాలిస్టరు ఉండకూడదు. నూలు కూడా కాలుతుంది గానీ సింథటిక్ బట్ట కరిగి ఒంటికి అంటుకుంటుంది. కొంగు నడుముకు దోపుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి. వంటింట్లోనే దేవుడి గూడు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. దీపం కొండెక్కాకే వంట మొదలుపెట్టడమో, దేవుణ్ణి వేరే గదిలో పెట్టుకోవడమో మంచిది.

ఇప్పుడు గ్యాసు. ఇంటి కనెక్షన్ మీద వచ్చే 14.2 కిలోల ఎర్ర బండ ఇంటి వంటకు మాత్రమే. అమ్మకానికి వండేటప్పుడు 19 కిలోల నీలం బండ తీసుకోవాలి. ధర ఎక్కువ అనే మాట నిజమే, అందుకే చాలామంది ఎర్ర బండతోనే కానిచ్చేస్తారు. పట్టుబడితే కేసు అవుతుందని చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఇంటి బండ ప్రమాదాలకు గ్యాసు కంపెనీల బీమా ఉంది. మనిషి చనిపోతే 6 లక్షల రూపాయలు, చికిత్సకు మనిషికి 2 లక్షల దాకా, కనెక్షన్ నమోదైన ఇంట్లో ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా. ఆ బండతో వ్యాపారం చేస్తున్నారని తేలితే ఆ డబ్బు అడిగే దగ్గర మీ పక్షం బలహీనపడుతుంది. నష్టమంతా నెత్తిన పడ్డ రోజున ఆ మాట వినాల్సి రావడం ఎంత కష్టమో ఆలోచించండి.

బండ ఇంటికి రాగానే అయిదు నిమిషాలు దానికి కేటాయించండి. పైన పట్టుకునే రింగును మోసే పలకల్లో ఒకదాని లోపలి వైపు ఇంగ్లిషు అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జులై నుంచి సెప్టెంబరు, డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కనున్నది సంవత్సరం. అది బండను పరీక్షకు పంపాల్సిన గడువు. గడువు దాటిన బండను ఇంట్లో దింపనివ్వొద్దు. సీలు తీశాక వాల్వులోకి తొంగి చూడండి, నల్లటి రబ్బరు వాషరు ఉండాలి. అది చీలినా, లేకపోయినా ఎంత బిగించినా గ్యాసు కారుతుంది. తెచ్చిన అబ్బాయి తొందరలో ఉంటాడు. అయినా సరే, రెగ్యులేటర్ బిగించి చూపించే దాకా ఆగమని అడిగే హక్కు మీకుంది. తాడుతో వేలాడే ప్లాస్టిక్ మూతను విరిచి పారేయొద్దు. వాల్వు కారుతున్నప్పుడు దాన్ని బిగిస్తేనే గ్యాసు ఆగుతుంది.

లీకు చూడడానికి సబ్బునీళ్లే వాడాలి. చిన్న గిన్నెలో సబ్బు నురగ చేసి, గుడ్డముక్కతో వాల్వు చుట్టూ, రెగ్యులేటర్ కింద, పైపు రెండు చివర్లా పూసి, మంటలన్నీ కట్టేసి రెగ్యులేటర్ మాత్రం తెరవండి. మంచి బిగింపు మీద నురగ కదలకుండా చల్లగా ఆరిపోతుంది. కారుతున్న చోట మాత్రం ఆవగింజంత బుడగ పుట్టి, ఉబ్బి, పగిలి, అదే చోట మళ్లీ పుడుతుంది. చాలాసార్లు అది స్టవ్ నాజిల్ దగ్గర పైపు చివర కనిపిస్తుంది. రోజూ నూనె జిడ్డు, వేడి తగిలి అక్కడ రబ్బరు గట్టిపడి నెర్రెలిస్తుంది. వేలితో వంచి చూస్తే సన్నటి గీతలు కనబడతాయి. అగ్గిపుల్ల గీసి లీకు వెతకడం మాత్రం ప్రాణాలతో ఆడుకోవడం.

లోపల ఉక్కు తీగ అల్లిన నారింజ రంగు ‘సురక్ష’ పైపు అయిదేళ్లకు మార్చాలి. అయిదేళ్లు ఇంటి వంట లెక్క. మీ పొయ్యి రోజంతా వెలిగేదైతే అంతకాలం ఆగొద్దు. పైపు స్టవ్ కింద నుంచి, వెనక నుంచి వేడికి ఆనుకుని పోకూడదు. దానికి గుడ్డ చుట్టొద్దు, చుడితే నెర్రెలు కనబడవు. పెద్ద మూకుళ్లకు వాడే హై ప్రెషర్ భట్టీ పొయ్యికి ఇంటి పైపు, ఇంటి రెగ్యులేటర్ తగిలించకూడదు. వాటికి తగిన పైపు, రెగ్యులేటర్ వేరు. మెకానిక్‌తోనే పెట్టించుకోవాలి. బండ ఎప్పుడూ నిలువుగా, స్టవ్ కన్నా కింద, చెయ్యి సులువుగా చేరే చోట ఉండాలి. మంట చెలరేగితే నాబ్ అందకపోవచ్చు, రెగ్యులేటర్ దాకా వెళ్లే దారి మాత్రం ఉండాలి. రెండో బండ మూత బిగించి, పొయ్యికి దూరంగా.

గ్యాసు గాలికన్నా బరువు. కారినప్పుడు నేల మీదుగా పాకి, బల్ల కింద, మూలల్లో చేరుతుంది. అందుకే పైన కిటికీ తెరిచుంటే చాలదు, కింద గాలి పోయే దారి ఉండాలి. గాలిలో రెండు శాతం చేరిందంటే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆ రవ్వ స్విచ్ వేసినా పుడుతుంది, తీసినా పుడుతుంది. ఫ్రిజ్ తనంత తాను ఆన్ అయినప్పుడూ పుడుతుంది. ఉదయం తలుపు తీయగానే వాసనొస్తే లైటు వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆర్పొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ జోలికి పోవద్దు. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, రెగ్యులేటర్ కట్టి, తీసి, మూత బిగించి, వీలైతే బండను ఆరుబయటికి చేర్చి, బయట నిలబడి 1906కు ఫోన్ చేయండి. అది రాత్రీ పగలూ పనిచేసే గ్యాసు అత్యవసర నంబరు. కరెంటు ఆపాలనిపిస్తే ఇంటి బయట మెయిన్ ఉంటేనే అక్కడ ఆపాలి.

లీకంటే పైపు పగలడమే అనుకుంటాం. పిండివంటల ఇంట్లో ఇంకోటి ఎక్కువ జరుగుతుంది. సిమ్‌లో పెట్టిన బెల్లం పాకమో పాలో పొంగి మంటను ఆర్పేస్తాయి, గ్యాసు వస్తూనే ఉంటుంది. మన స్టవ్‌లలో చాలావాటికి మంట ఆరితే గ్యాసు ఆపే ఏర్పాటు లేదు. కొత్త స్టవ్ కొనేటప్పుడు ఆ సౌకర్యం ఉన్నదేనా అని అడగండి.

పెద్ద ఆర్డర్లకు పెరట్లో గాడిపొయ్యి తవ్వేవాళ్లకూ ఒక మాట. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి పూతరేకు తీస్తారు. ఆకు మంట ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా అణుగుతుంది కాబట్టే రేకుకు సరిపోతుంది, గాలికి రవ్వ ఎగిరేదీ అందుకే. కట్టెలైనా, ఆకులైనా ఆ పూటకు కావలసినంతే పొయ్యి దగ్గర ఉంచి, మిగతా మోపు దూరంగా, గాలికి ఎదురు దిక్కున పెట్టుకోవాలి. తాటాకు పందిరి కింద పొయ్యి పెట్టొద్దు. పని అయ్యాక బూడిద మీద నీళ్లు చల్లి, కర్రతో కెలికి, మళ్లీ చల్లాలి.

కరెంటు సంగతి లెక్కతో తేలిపోతుంది. మామూలు చిన్న ప్లగ్గు 6 యాంపియర్లది. 230 వోల్టులకు గుణిస్తే 1,380 వాట్లు, అంతే దాని బలం. 2,000 వాట్ల ఓవెనో, ఇండక్షన్ స్టవ్వో దానికి తగిలిస్తే, పైగా అదే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద గ్రైండరు, కవర్లు అతికించే సీలింగ్ మెషీన్ నడిస్తే తీగ కాగక తప్పదు. ఎక్కువ వాట్ల వాటికి 16 యాంపియర్ల ప్లగ్గు, గోడలోంచి నేరుగా వచ్చే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించండి. గంటసేపు వాడాక ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చని దాటి వేడిగా ఉన్నా, బోర్డు మీద గోధుమరంగు మరక కనిపించినా, చేప కుళ్లినట్టు ఘాటు వాసన వచ్చినా లోపల లూజు కాంటాక్టు ఉంది, ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఎంసీబీ ఊరికే పడిపోతోందని పెద్ద ఎంసీబీ వేయమని అడిగే అలవాటు చాలా చోట్ల ఉంది. తీగ మార్చకుండా ఎంసీబీ పెంచితే అది ఆపాల్సిన వేడిని ఆపదు, తీగే కాలుతుంది.

ప్యాకింగ్ సరుకు ఎక్కడుందో చూసుకోండి. ప్లాస్టిక్ కవర్లు, అట్టపెట్టెలు, థర్మాకోల్, గోనెలు ఇవన్నీ నిప్పుకు మేత. వాటిని వంటింటి అటక మీద, మెట్ల కింద పేర్చడం పరిపాటి అయిపోయింది. 2023 నవంబరులో హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నిల్వ ఉన్న రసాయనాల డ్రమ్ములు అంటుకుంటే పై అంతస్తుల్లో నివసించేవాళ్లు తొమ్మిది మంది చనిపోయారు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంట్లో మంటలు లేస్తే పదిహేడు మంది పోయారు, వాళ్లలో ఎనిమిది మంది పిల్లలు. బయటికి రావడానికి ఉన్నది ఒక్క ఇరుకు మెట్లదారి. మన ఇళ్లలో రసాయనాలు లేకపోవచ్చు, కానీ ఒక్క దారి ఉన్న ఇళ్లు ఎన్నో. ఆ దారిలో పెట్టెలు పేర్చొద్దు, బ్యాటరీ స్కూటర్ చార్జింగ్ పెట్టొద్దు. మెట్ల మీద నిద్రమత్తులో, పొగలో, చేతిలో పిల్లతో దిగగలరా అని ఒకసారి నడిచి చూడండి.

ఇన్ని చేసినా మూకుడు అంటుకుంటే ఏం చేయాలో ఇంట్లో ప్రతి మనిషికీ ముందే తెలిసుండాలి. మూకుడు కన్నా పెద్దదైన స్టీలు పళ్లెం ఎప్పుడూ పక్కనే ఉండాలి, గాజు మూత పనికిరాదు. నాబ్ అందితే కట్టాలి, అందకపోతే రెగ్యులేటర్. పళ్లేన్ని మంట మీదికి పైనుంచి దించకుండా, మీ వైపు నుంచి అవతలికి జరుపుతూ మూకుడును కప్పాలి. అలా చేస్తే మంట మీ ముఖం మీదికి రాదు. కప్పాక గంటసేపు తీయొద్దు. ఆరిందా అని ఎత్తి చూస్తే గాలి తగిలి మళ్లీ లేస్తుంది. మూకుడును ఎత్తుకుని బయటికి పరుగెత్తడం అందరికీ ముందు తోచే పని, మనుషుల్ని నిలువునా కాల్చేది కూడా అదే.

నీళ్లు ఎందుకు వద్దో పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పాలి. నీళ్లు నూనె కన్నా బరువు కాబట్టి అడుగుకు దిగుతాయి. అక్కడి వేడికి క్షణంలో ఆవిరై పదిహేడు వందల రెట్లు పెరుగుతాయి. ఆ విసురుకు మండుతున్న నూనె కప్పు దాకా ఎగిరి గదంతా పడుతుంది. ఒక్క గ్లాసు నీళ్లు చాలు. శనగపిండి, బియ్యప్పిండి చల్లడం కూడా ప్రమాదమే, గాలిలో తేలే పిండికి నిప్పంటుకుంటుంది.

మంటలార్పే ఏబీసీ పొడి సిలిండర్, ఐఎస్ఐ గుర్తున్నది, రెండు కిలోలది ఒకటి వంటింటి తలుపు దగ్గర గోడకు తగిలించండి. పొయ్యి పక్కన పెడితే మంటల్లో అందదు. ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో నెలకోసారి చూడాలి. నూనె మంట మీద వాడాల్సి వస్తే ఆరేడు అడుగుల దూరం నుంచే వాడాలి, దగ్గర్నుంచి కొడితే ఆ ఒత్తిడికి నూనె చిందుతుంది. పొడి మంటను ఆర్పుతుంది గానీ నూనెను చల్లార్చదు, కాబట్టి మళ్లీ లేవచ్చు. వ్యాపారం పెద్దదైతే వంటనూనెల కోసమే చేసే వెట్ కెమికల్ రకం తీసుకోండి. మంట మూకుడు దాటి గోడకో, అల్మారాకో పాకిందంటే ఇక మీ పని కాదు. వంటింటి తలుపు మూసి, అందర్నీ బయటికి తీసుకెళ్లి 101కి ఫోన్ చేయాలి. బండ మంటల్లో చిక్కుకుంటే దాని దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు.

చెయ్యి కాలితే ధారగా పారే మామూలు నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. ఐసు వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, దోసెల పిండి ఏదీ పూయొద్దు. పాకం అంటుకుంటే పీకొద్దు, నీళ్ల కిందే ఉంచాలి. ముఖం, అరచేయి, కీళ్లు కాలినా, గాయం మీ అరచేతి కన్నా పెద్దదైనా 108ని పిలిచి ఆసుపత్రికి వెళ్లాలి. బట్టలంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద పడి దొర్లాలి.

బీమా విషయంలో ఇంటి పాలసీ ఉందిలే అని ఊరుకోకండి. ఇంట్లో జరిగే వ్యాపారం దాని కిందికి వస్తుందో రాదో ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఉంది. సరుకు, సామాను విలువ 5 కోట్ల దాకా ఉన్నవాళ్లు తీసుకోవచ్చు. మిక్సీలు, గ్రైండర్ల బిల్లులు, సరుకు కొన్న రసీదులు ఫోన్లో ఫొటో తీసి దాచుకోండి, కాగితాలు ఇంటితోపాటే కాలిపోతాయి. గ్యాసు ప్రమాదం జరిగితే వెంటనే డీలరుకు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం మీద అందినట్టు సంతకం తీసుకోవాలి.

వీటన్నిటికీ డబ్బు ఎక్కడ్నుంచి వస్తుందంటే సరుకు ధరలోంచే రావాలి. శనగపిండికీ, నూనెకూ, కవరుకూ లెక్క వేసినట్టే భద్రతకూ వేయండి. వారానికి నలభై కిలోలు అమ్మేవాళ్లు కిలోకు రెండు రూపాయలు కలుపుకుంటే వారానికి ఎనభై, ఏడాదికి 4,160 రూపాయలు వస్తాయి. పైపులు, వాషర్లు, ఏడాదికోసారి మెకానిక్ చూసివెళ్లినందుకు కూలి అందులోంచి పోతాయి, పొడి సిలిండర్‌కూ ఏడాది మీద జమవుతుంది. కొనేవాళ్లు ఆ రెండు రూపాయల దగ్గర బేరం ఆడరు. ఈ డబ్బును విడిగా ఒక డబ్బాలో వేసి పెట్టండి, వేరే ఖర్చుకు తీయొద్దు.